ముప్పావు ట్యాంకు

సింగపూరులో శీతాకాలం ఏ నెలలో వస్తుందో చెప్పమని మొగుణ్ణి నిలదీయాలని రాజకుమారికి పొద్దుటినుంచీ నోరు దురద పెడుతోంది. బెడోక్‌లో వాళ్ళ బ్లాకు పక్కనే ఉన్న అంతస్తుల కార్ పార్కులో, చేత టార్చి పట్టుకుని నిలబడి ఉంది. ఒళ్ళంతా చెమట కారుతోంది. ఎదురుగా మహీధర్ డిక్కీలోకి నడుం దాకా దూరిపోయి, అమెరికాలో ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో ఉండే ఒక పెద్దమనిషి ఇంటర్నెట్‌లో రాసిపెట్టిన పద్ధతి ప్రకారం తన పాత కారుని చలికాలానికి సిద్ధం చేస్తున్నాడు. ఆ పద్ధతి మొత్తం ఆఫీసు ప్రింటరు మీద అచ్చుతీసుకొచ్చి, గాలికి ఎగరకుండా స్పానరు బరువు పెట్టాడు.

"ఈ దేశంలో చలికాలం మీ ఆఫీసు ఏసీలో తప్ప ఎక్కడా లేదండీ," అంది చివరికి ఉండబట్టలేక.

"చలి కాదు రాజీ, తేమ. తేమ ముఖ్యం," అన్నాడు డిక్కీలోంచే. "బండి నెలల తరబడి కదలకుండా ఉంటే లోపలున్న పెట్రోలు జిగురైపోద్ది. కార్బ్యురేటర్‌లో సన్నటి బెజ్జాలుంటాయి, అవి పూడుకుపోతాయి. అందుకని పాతది తోడేసి కొత్తది పొయ్యాలి. అదీ అంచుదాకా పొయ్యాలి. ట్యాంకులో ఖాళీ ఉంటే ఆ గాల్లో తేమ నీరై తుప్పు పడద్ది. పాడవకుండా ఉండటానికి ఈ మందు కూడా కలిపి, ఇంజన్ కాసేపు తిప్పి ఆపెయ్యాలి. టార్చి అటు కాదు, ఇటు."

రాజకుమారి టార్చి ఇటు తిప్పింది. అతను రబ్బరు గొట్టంతో పాత పెట్రోలంతా డబ్బాలోకి తోడి, అడుగున కాస్త వదిలాడు.

ఆ కారు అరవైల నాటి మారిస్ మైనర్. వీళ్ళు వచ్చింది, కంప్యూటరు చదువు చదివినవాడికల్లా సింగపూరు ఎర్ర తివాచీ పరిచిన రోజుల్లో. బోనసు డబ్బుతో కొందరు కాండో ఫ్లాట్లు కొన్నారు, కొందరు షేర్లు కొన్నారు, మహీధర్ మాత్రం ఈ ముసలి బండిని కొన్నాడు. పాత బళ్ళకు ఇక్కడ వేరే లైసెన్సు. ఏడాదిలో కొద్ది రోజులే రోడ్డెక్కాలి. మిగతా రోజులన్నీ దాన్ని తుడవటం, రుద్దటం, నలుగురికీ చూపించటం. ఆ స్టీరింగు మీద రాజకుమారి చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

పోనీ, కారు పిచ్చి అనుకుందాం. అది భరించవచ్చు. ఆమెకు ఒళ్ళు మండేది ఇంకోదానికి. ఆమె ఏ మాట మొదలుపెట్టినా మహీధర్ సగంలో అందుకుని సరిచేస్తాడు. ఫ్రిజ్‌లో గ్యాసు అయిపోయిందంటే, అయిపోలేదు, లీకైందంటాడు. పెళ్ళికి చుట్టాలంతా గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి ఎలా తప్పిపోయారో ఆమె నలుగురిలో సరదాగా చెబుతుంటే, "గోదావరి కాదు, గౌతమి" అని అడ్డం పడతాడు. ఇక నవ్వేదెవరు? ఆమెకు డెంగ్యూ వచ్చినప్పుడు పగలూ రాత్రీ ఆస్పత్రి మంచం పక్కనే కూర్చున్నాడు, ఆ మాట ఆమె ఎప్పుడూ కాదనదు. కానీ అక్కడ కూడా, మూడు రోజులుగా జ్వరమని ఆమె నర్సుతో మూలుగుతుంటే, "మూడు కాదు, రెండున్నర" అన్నాడు. తప్పు మాట చెవిన పడితే దాన్ని సరిచేసేదాకా అతనికి ఊపిరాడదు. అలాగని చెడ్డవాడా అంటే చుట్టాలెవరూ ఒప్పుకోరు.

ఇంతకీ కారుకి ఈ సేవలన్నీ ఎందుకంటే, అతను స్టాక్‌హోం వెళుతున్నాడు. సెల్‌ఫోన్లలో ఇంటర్నెట్ వచ్చేస్తుందని ప్రపంచం ఊగిపోతోంది, కంపెనీ అతన్ని ఆ పని మీద ఆరు నెలలు పంపుతోంది. ఆ కబురు చెప్పిన పూటే మిగిలిన ఏర్పాట్లన్నీ కూడా చెప్పేశాడు. ఫ్లాటు ఖాళీ చేస్తారు. కారు గంగాధర్ అనే స్నేహితుడి ఇంటి పోర్టికోలో కవరు కప్పుకుని పడుకుంటుంది. రాజకుమారి అమలాపురం వెళ్ళి అత్తగారు బాలనాగమ్మ దగ్గర ఉంటుంది. కారుని ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడానికి అతనికి వారం పట్టింది. పెళ్ళాన్ని ఎక్కడ పెట్టాలో తేల్చడానికి నిమిషం కూడా పట్టలేదు.

"నన్నొక మాట అడిగారా?" అంది ఆ రోజు.

"అడగటానికేముంది? ఒక్కదానివీ ఇక్కడేం చేస్తావ్?"

ఏం చేస్తుందో ఆమె చేసి చూపించింది. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివిన సర్టిఫికెట్లు బీరువా అడుగునుంచి తీసి దులిపింది. ఆస్పత్రుల్లో రక్తం పరీక్ష చేసే యంత్రాలుంటాయే, వాటిని బాగుచేసే కంపెనీకి వెళ్ళి ఉద్యోగం తెచ్చుకుంది. యంత్రాలున్న చోటికల్లా కంపెనీ వ్యాను తనే నడుపుకుని వెళ్ళాలి. అందుకోసం డ్రైవింగ్ పరీక్షకి కూర్చుంది, తప్పింది, మళ్ళీ తప్పింది, ఏడ్చింది, ఆఖరికి నెగ్గింది. బూన్ లేలో ఇద్దరు తెలుగమ్మాయిలు యూనివర్సిటీలో పరిశోధన చేసుకుంటున్నారు. వాళ్ళ ఫ్లాటులో ఒక గది కూడా మాట్లాడుకుంది. సోమవారం చేరాలి. చేరేముందు చైనీస్ మేనేజరమ్మ ఒకే ఒక షరతు గట్టిగా చెప్పింది: లైసెన్సు మీద మచ్చ ఉండకూడదు, కోర్టు కేసు అసలే ఉండకూడదు. ఈ ఉద్యోగం నిలబడితే రాజకుమారి సింగపూరులో ఉంటుంది. పోతే అమలాపురం.

"వ్యాను నడపటమా? నువ్వా?" అని మహీధర్ నవ్వాడు. తర్వాత ఆ విషయం ఎత్తలేదు. నవ్వాడు కాబట్టి సంగతి తేలిపోయిందనుకున్నాడు కాబోలు.

పెట్రోలు తోడటం అయ్యాక, సాయంత్రం, "టార్చి ఇలా ఇచ్చి నువ్వు పైకెళ్ళి టీ పెట్టు," అన్నాడు. ఆమె టీ ఫ్లాస్కులో పోసుకుని దిగొచ్చేసరికి నల్ల టేపు చుట్ట జేబులో పెట్టుకుంటున్నాడు. డిక్కీలో వైర్లు అతికించే సీసం కాలిన వాసన. ఆ వాసన ఆమెకు కాలేజీ ల్యాబునుంచీ తెలుసు. ఏ దీపం వైరో బాగుచేశాడనుకుని ఊరుకుంది.

"రేపు జొహోర్ వెళ్ళి ట్యాంకు నింపుకొద్దాం," అన్నాడు టీ తాగుతూ. "అక్కడ సగానికి సగం చవక."

వుడ్‌ల్యాండ్స్ దగ్గర వంతెన దాటితే మలేషియా వాళ్ళ జొహోర్. అవతల పెట్రోలు చవక అన్న సంగతి సర్కారుకీ తెలుసు. అందుకే ఒక కట్టుబాటు పెట్టారు. సింగపూరు బండి ఏదైనా సరే, వంతెన ఎక్కేటప్పుడు ట్యాంకులో ముప్పావు వంతు పెట్రోలు ఉండి తీరాలి. ముల్లు తక్కువ చూపిస్తే జరిమానా వేసి వెనక్కి పంపుతారు.

"అంతా తోడేశారుగా. ముప్పావు ఎక్కడుంది?" అంది రాజకుమారి.

"అది నేను చూసుకుంటాలే."

ఆదివారం పొద్దున ఆమె కిందికి దిగేసరికి మహీధర్ కారు పక్కన నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి తాళాలు చాచాడు.

"నువ్వు నడుపు."

"నేనా?"

"రేపట్నుంచి వ్యాను నడుపుతానంటున్నావుగా. అలవాటవుద్ది."

నిజం చెప్పాలంటే ఆ క్షణాన రాజకుమారి కోపమంతా ఎటు పోయిందో పోయింది. ఇన్నేళ్ళకు ఈ మనిషి తన ఉద్యోగాన్ని ఒప్పుకున్నాడు, అదీ తన ప్రాణంలాంటి బండి చేతికిచ్చి మరీ ఒప్పుకున్నాడు అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగితే అతనికి కనబడకుండా సీటు ముందుకు జరుపుకునే వంక పెట్టుకుంది. తాళం తిప్పగానే మధ్యలో పెద్ద గుండ్రటి మీటరులో పెట్రోలు ముల్లు లేచి ముప్పావు దగ్గర నిలిచింది. పొద్దున్నే లేచి వెళ్ళి ఎక్కడో పోయించుకొచ్చినట్టున్నాడనుకుంది. దారి పొడుగునా అతను గేరు ఇప్పుడు కాదు ఇప్పుడు అని సరిచేస్తూనే ఉన్నా ఆమెకు చిరాకు వేయలేదు. స్టాక్‌హోంలో చలికి స్వెట్టర్లు సరిపోతాయో లేదో, ముస్తఫా షాపులో ఇంకో రెండు కొనాలని కూడా అనుకుంది. అంత వెర్రిబాగులది!

వుడ్‌ల్యాండ్స్‌లో ఆదివారం వరస మామూలే. కార్లు చీమల్లా కదులుతున్నాయి. వీళ్ళ వంతు వచ్చేసరికి ఒక మలయ్ ఆఫీసరు కిటికీ దగ్గరికొచ్చాడు. నడివయసు మనిషి. కారుని చూడగానే మొహం విప్పారింది.

"మేడమ్, మా నాన్నకి అచ్చం ఇదే బండి ఉండేది," అన్నాడు ఇంగ్లీషులో. వంగి మీటరు చూశాడు. నవ్వుతూనే ముందు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి బండిని రెండుసార్లు ఊపాడు. మళ్ళీ మీటరు చూశాడు. ఈసారి నవ్వు లేదు.

"ముల్లు డాన్స్ చెయ్యట్లేదేంటి మేడమ్? ఈ బళ్ళలో పెట్రోలు ఊగితే ముల్లు కూడా ఊగుతుంది. మా నాన్న బండిలో ఎప్పుడూ ఒకచోట నిలబడి ఎరగదు."

రాజకుమారి మహీధర్ వైపు చూసింది. అతను అద్దంలోంచి వెనక కార్లను లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు. ఆఫీసరు ట్యాంకు మూత తీయించి సన్నటి పుల్ల దింపాడు. పుల్ల కొస మాత్రం తడిసింది.

కారుని పక్కకు పెట్టించి ఇద్దర్నీ ఒక గదిలోకి తీసుకెళ్ళారు. బల్ల, కుర్చీలు, గోడ మీద పోస్టర్లు. పెట్రోలు తక్కువైతే జరిమానాతో పోయేదని, ముల్లుని మోసానికి వాడితే మాత్రం అది కోర్టు కేసని ఆఫీసరు విడమరిచి చెప్పాడు.

"డ్రైవరు ఎవరు?" అని కాగితంలో రాసుకోవడానికి అడిగాడు చివరికి.

రాజకుమారి నోరు తెరిచేలోపే, "మై వైఫ్, సర్," అన్నాడు మహీధర్.

ఆఫీసరు ఆమె లైసెన్సు తీసుకుని పేరు రాసుకున్నాడు. ఇంకా మెరుపు పోని ఆ కొత్త లైసెన్సు అతని చేతిలో చూస్తుంటే ఆమెకు మేనేజరమ్మ పెట్టిన షరతు గుర్తొచ్చింది. ఫోను చేసి వస్తానని అతను బయటికి వెళ్ళాడు.

"ఏంటండీ ఇది?" అంది రాజకుమారి.

"మెల్లగా మాట్లాడు. నీకేం తెలీదని చెప్పు. ఆడవాళ్ళని అట్టే ఇబ్బంది పెట్టరు. ఎంత జరిమానా వేసినా నేను కట్టేస్తాను."

"కేసంటున్నాడు! రేపు నేను ఉద్యోగంలో చేరాలి."

"అబ్బా, ఆ వ్యాను ఉద్యోగం కాకపోతే ఇంకోటి. ఎలాగూ అమ్మ దగ్గర..."

"చేసింది మీరు. రాసుకున్నది నా పేరు."

"నడిపింది నువ్వే కదా, మరి నీ పేరు రాసుకోక ఏం చేస్తాడు?" అని చుట్టూ చూసి ఆమె చెవి దగ్గరికి వంగాడు. "గురువారం నా వీసా ఇంటర్వ్యూ. నా పేరు మీద కేసు పడిందంటే స్టాక్‌హోం గల్లంతే. అది ఆలోచించే కదా పొద్దున తాళాలు నీకిచ్చాను."

ఎంత తేలిగ్గా అన్నాడో! వాన వస్తుందేమోనని గొడుగు తెచ్చానన్నట్టు అన్నాడు. రాజకుమారికి అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున కళ్ళలో తిరిగిన నీళ్ళు గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది. వాళ్ళు పట్టుకోవచ్చని ఇతనికి ముందే తెలుసు. పట్టుకుంటే ఎవరు ఇరుక్కోవాలో కూడా ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆమెకున్న కోపాలన్నీ ఒక్కసారి లేచాయి. బల్ల ఎత్తి అతని నెత్తిన వేయాలనిపించింది.

"నిన్న సాయంత్రం ఆ వైరు కోసి ఏదో అతికించారు, అంతేనా?" అంది.

"కొయ్యలేదు. విప్పి పక్కకి కట్టాను. కోస్తే మళ్ళీ అతకటం..." అని ఆగిపోయాడు.

రాజకుమారి అతని మొహం వైపు తేరిపార చూసింది. ఇంత గండంలో కూడా, ఎవరైనా వింటారేమోనన్న భయంలో కూడా, వైరు కొయ్యలేదని చెప్పకుండా ఉండలేకపోయాడు. ఆమె కుర్చీ సర్దుకుని, చున్నీతో మొహం తుడుచుకుని, ఆఫీసరు కోసం ఎదురుచూసింది.

ఆఫీసరు లోపలికొచ్చి కూర్చున్నాడు. మెకానిక్కు వచ్చి మీటరు విప్పేదాకా ఆగాలట. ఈలోగా ఉన్నదున్నట్టు చెప్పేస్తే కోర్టులో ఆమెకే మంచిదన్నాడు.

"చెప్పండి మేడమ్. ఇది ఎవరు చేశారు?"

"నేనే చేశాను," అంది రాజకుమారి.

అని ఆగింది. కావాలనే ఆగింది. 'కాదు, నేను చేశాను' అనడానికి ఒక మనిషికి ఎంత సేపు కావాలో అంతకు రెండింతల సేపు ఆగింది. కోపం ఎంతున్నా లోపల ఎక్కడో, ఇప్పుడు అంటాడు, ఇప్పుడు అంటాడు అని ఎదురుచూస్తోంది. అని ఉంటే అంతా మరిచిపోయేది, ఆ మాట ఒట్టేసి చెప్పగలదు. మహీధర్ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. గోడ మీద పోస్టరులో దోమల గురించి ఏదో రాసుంటే అది చదువుతున్నాడు.

"ఎలా చేశారు?" అన్నాడు ఆఫీసరు.

"చూయింగ్ గమ్ పెట్టి."

ఆఫీసరు పెన్ను ఆగిపోయింది. ఆ దేశంలో చూయింగ్ గమ్ అమ్మటమే నేరం. "చూయింగ్ గమ్మా? ఎక్కడిది?"

"జొహోర్‌లో కొన్నాను సర్. బాగా నమిలి, మీటరు అద్దం ఊడదీసి ముల్లు వెనకాల అంటించాను. గట్టిగా పట్టేసింది."

పక్కనుంచి చిన్న దగ్గు వినబడింది. రాజకుమారి అటు చూడలేదు.

"ఈ ఎండకి కరగలేదా?" ఆఫీసరు అనుమానంగా అడిగాడు.

"కరగలేదు సర్. ఎందుకన్నా మంచిదని వెనక చక్రం దగ్గర కూడా కొంచెం పెట్టాను. ముల్లుకి కరెంటుతో పనేం లేదు కదా. చక్రం తిరిగితే అదీ తిరుగుతుంది."

మహీధర్ మోకాలు బల్ల కింద టకటకా ఊగుతోంది. మెడ మీద నరం పొంగింది. ఆఫీసరు "చక్రం దగ్గర గమ్" అని పైకి చదువుకుంటూ రాసుకోబోయాడు.

"నాన్సెన్స్!" అని అరిచాడు మహీధర్. "చక్రానికీ దీనికీ సంబంధం ఏంటి? చక్రంతో తిరిగేది స్పీడు ముల్లు. ఇది పెట్రోలు ముల్లు. గమ్ అంటిస్తే తాళం తీసేసినా ముల్లు అక్కడే ఉండాలి. ఉందా? మీరు చూశారా అసలు? తాళం తీస్తే పడిపోతోంది!"

"ఓహో," అన్నాడు ఆఫీసరు పెన్ను కింద పెట్టి.

"ట్యాంకులో తేలే బెండు ఒకటుంటుంది. అది పైకీ కిందికీ పోతుంటే కరెంటు మారుతుంది, దాన్నిబట్టి ముల్లు కదులుతుంది. ఆ బెండునుంచి వచ్చే వైరు విప్పేసి, దాని బదులు ఒక రెసిస్టర్ పెట్టాలి. అప్పుడు ట్యాంకు ఎండిపోయినా ముల్లు ఒకేచోట ఉంటుంది. ఏదో ఒకటి పెడితే కాదు. సరిగ్గా ముప్పావు చూపించాలంటే ఎంత విలువది పెట్టాలో లెక్కకట్టాలి. ఏ మాత్రం తేడా వచ్చినా ముల్లు అటో ఇటో పోద్ది."

"అబ్బో, కష్టమే," అన్నాడు ఆఫీసరు మెల్లగా. "ఆ లెక్క మీరు కట్టారా సర్?"

"మరెవరు కడతారు? ఈవిడకి సోల్డరింగ్ ఐరన్ ఎటు పట్టుకోవాలో కూడా తెలీదు."

మహీధర్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. అది మెల్లగా కిందికి దిగింది, మొహంలో రంగు కూడా దానితోపాటే దిగింది. నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే పని జరిగిపోయింది. ఆఫీసరు కాగితం మీద రాజకుమారి పేరు కొట్టేసి, అతని పాస్‌పోర్టు అడిగాడు. ఆమెకు సంగతి తెలియకుండా బండి నడిపించారని రాస్తాను, ఆమె లైసెన్సుకి ఏమీ కాదు అన్నాడు. లైసెన్సు తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె కళ్ళలోకి ఒకసారి చూశాడు. అతనికి అర్థమైందో లేదో గానీ, చూయింగ్ గమ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

డిక్కీ తెరిచి చూపించవలసింది మహీధరే అయింది. మెకానిక్కు నల్ల టేపు విప్పి ఆ రెసిస్టర్‌ని ఊడదీస్తుంటే, అతుకు పాడవకుండా ఎటునుంచి లాగాలో చెప్పబోయి మానేశాడు. దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి సీలు వేశారు. కోర్టునుంచి పిలుపు వస్తుందని, అంతదాకా దేశం దాటకూడదని చెప్పి పాస్‌పోర్టు ఉంచేసుకుని, బండిని వెనక్కి తిప్పుకోమన్నారు.

తాళాలకోసం మహీధర్ చెయ్యి చాచాడు. రాజకుమారి ఆ చేతిని చూడనట్టే వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది.

గెలిచాను కదా, సంతోషంగా ఉండాలి కదా అనుకుంది. ఉద్యోగం నిలబడింది, లైసెన్సు హ్యాండ్‌బ్యాగులో భద్రంగా ఉంది. కానీ కోపం పిసరు కూడా తగ్గలేదు. ఇంతకుముందు అది ఫ్రిజ్ గ్యాసు మీద, రైళ్ళ పేర్ల మీద, టార్చి పట్టుకునే పద్ధతి మీద చెల్లాచెదురుగా ఉండేది. ఇప్పుడు ఒక్కచోట చేరి, బరువుగా, కడుపులో కూర్చుంది.

కాసేపటికి మహీధర్ నోరు తెరిచాడు. "కావాలనే తప్పు చెప్పావు కదూ?"

"అవును."

"పెట్రోలు ముల్లుకి కరెంటుతో పని లేదంటావా? ఎలక్ట్రానిక్స్ చదివినదానివి!"

"చదివానని ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"స్టాక్‌హోం పోయింది. అంతా పోయింది. సొంత మొగుణ్ణి ఇరికించావు రాజీ. ఎవరైనా వింటే ఏమంటారు?"

రాజకుమారి కారుని ఎడమపక్కకు తీసి వేగం తగ్గించింది. పెళ్ళయినప్పటినుంచీ అతన్ని మీరు అనే పిలిచింది. ఇప్పుడు ఆ మాట నోటికి రాలేదు.

"'నేనే చేశాను' అని చెప్పి ఆగాను. విన్నావా?"

అతను కిటికీ వైపు తిరిగాడు.

"విన్నావు. అది తప్పని ఆ గదిలో నీ ఒక్కడికే తెలుసు. రైలు పేరు తప్పు చెబితే ఊరుకోవు. జ్వరం ఒక పూట ఎక్కువ చెబితే ఊరుకోవు. నేను దొంగనని రాసుకుంటుంటే మాత్రం దోమల బొమ్మ చూస్తూ కూర్చున్నావు. చూయింగ్ గమ్ అనేసరికి తట్టుకోలేకపోయావు."

మహీధర్ ఏదో అనబోయాడు. ఇంతలో ఇంజన్ ఒకసారి ఎక్కిళ్ళు పెట్టింది, ఇంకోసారి పెట్టింది, ఆగిపోయింది. జొహోర్ బంకుదాకా సరిపోయేటంతే ఉంచాడాయె. బండి మిగిలిన ఊపుతో దొర్లి వుడ్‌ల్యాండ్స్ బస్‌స్టాపు పక్కన నిలిచింది. పెట్రోలు బంకు కనబడుతూనే ఉంది, ఆ మలుపు దాటాక.

"దిగి తొయ్యి," అంది రాజకుమారి.

అతను దిగాడు. ఇస్త్రీ చొక్కా, మంచి బూట్లు, మిట్టమధ్యాహ్నపు ఎండ. వంగి రెండు చేతులూ డిక్కీ మీద ఆనించి తోయడం మొదలుపెట్టాడు. బండి అంగుళం అంగుళంగా కదిలింది. బస్‌స్టాపులో షిప్‌యార్డులో పనిచేసే కుర్రాళ్ళు కొందరున్నారు, ఆదివారం సెలవుకి బయటికొచ్చినట్టున్నారు. వాళ్ళలో ఒకడు, మాట తీరునుబట్టి శ్రీకాకుళం వైపువాడు, పరిగెత్తుకొచ్చి కిటికీలోకి వంగాడు.

"అక్కా, మేమూ ఒక చెయ్యేస్తాం. ఆ బాబొక్కడూ ఏం తోస్తాడు?"

వెనకనుంచి మహీధర్ రొప్పు వినబడుతోంది. రాజకుమారి కుర్రాడి వైపు తిరిగి, రోజంతటిలోకీ మొదటిసారి మెత్తగా మాట్లాడింది.

"వద్దు తమ్ముడూ. ఆయన్ని ఒక్కణ్ణే తొయ్యనీ."